నా పదకొండు మందిలో లేని పిల్ల

హాకీ లీగు మొదలవడానికి నెలన్నర ముందు, ఒక ఆదివారం పొద్దున, నేను ఒక జట్టు రాశాను. నేను ఏ జట్టుకూ కోచ్‌ని కాను. సెలెక్టర్‌ని అసలే కాను. నాగర్‌కర్నూల్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉంటూ, రోజూ బస్సెక్కి తెలకపల్లి హైస్కూలుకు వెళ్లి పిల్లల చేత డ్రిల్లు చేయించే వ్యాయామ టీచర్ని. రాబోయే సీజన్‌లో ఫలానా జట్టు మొదటి మ్యాచ్‌కు ఏ పదకొండు మందిని దింపుతుందో ముందే ఊహించి రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. దానివల్ల ఎవరికీ లాభం లేదు, నష్టమూ లేదు అనుకునేదాన్ని. ఆ ఏడాది అది నాకున్న ఒక్క మనిషినీ దూరం చేసింది.

ఈ అలవాటు మా నాయన పెట్టింది. నాయన గద్వాల దగ్గర రైల్వే గేటు కాసేవాడు. గేటు పక్కన చిన్న గది, గదిలో ఒక రేడియో. హాకీ మ్యాచ్ ఉన్న రోజున బడి వదలగానే నేను ఆయనకు అన్నం గిన్నె పట్టుకొని పోయేదాన్ని. కామెంటరీ మొదలు కాకముందే ఇద్దరం చెరొక కాగితం మీద పదకొండు పేర్లు రాసేవాళ్లం. ఒకరిది ఒకరు చూడకూడదు. రేడియోలో జట్టు చదువుతుంటే నాయన పెన్సిలుతో కలిసిన పేర్ల కింద గీతలు గీసేవాడు. నావి ఏడో ఎనిమిదో కలిసేవి. ఆయనవి పదికి తగ్గేవి కావు.

"నువ్వు నీకిష్టమున్నోళ్లను రాస్తున్నవ్ బిడ్డా," అనేవాడు. "ఇష్టమున్నోళ్లను గాదు, ఆడెటోళ్లను రాయాలె. గా కోచ్ కుర్చీల కూసొని సూడు. నీ కుర్చీల కూసొని సూస్తె ఎప్పటికి తప్పుతనే ఉంటది."

ఆ మాట నాకు బాగా పట్టింది. కాలేజీలో నేను కూడా ఆడాను, లెఫ్ట్ హాఫ్‌లో. యూనివర్సిటీ జట్టు పేర్లు బోర్డు మీద అంటించే రోజు, నా పేరు ఉండదని ముందే నాయనకు చెప్పాను. నాకంటే వేగంగా వెనక్కి పరుగెత్తే పిల్ల ఒకతి ఉంది, ఆమెనే తీసుకుంటారని చెప్పాను. అట్లాగే అయింది. నాయన మొహం చిన్నబోయింది కానీ, "సరిగ్గ సూసినవ్" అన్నాడు. ఆయన నోట అంత మెప్పు నేను అంతకు ముందు వినలేదు. అందుకే కాబోలు, ఆ రోజు నాకు ఏడుపు రాలేదు.

తరవాత ఉద్యోగం వచ్చింది. సంబంధాలు కొన్ని వచ్చాయి, కుదరలేదు. నాయన పోయాడు. ఆయన పోయిన ఏడాది కూడా నేను జట్టు రాశాను. రాసి, కాగితం మడిచి పక్కన పెట్టాక, పోల్చి చూడటానికి రెండో కాగితం లేదని అర్థమైంది.

అప్పుడు నేను వనపర్తిలో ఆడపిల్లల హాస్టలు బడిలో పని చేస్తున్నాను. ఆ బడిలోనే ఆ పిల్ల నాకు దొరికింది.

ఆరో తరగతిలో చేరింది. పెద్దమందడి దగ్గర ఊరు. తల్లిదండ్రులు కొన్నాళ్లు కౌలుకు పట్టిన చెల్కలో, కొన్నాళ్లు బొంబాయి దిక్కు మట్టి పనిలో. ఎండకాలం సెలవులకు అందరి తల్లిదండ్రులూ వచ్చి పిల్లలను తీసుకుపోతే, ఆ పిల్లను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. హాస్టలులో వంటామె, వాచ్‌మన్, నేను, ఆ పిల్ల మిగిలాం. నాకూ పోవడానికి ఇల్లంటూ లేదు. గద్వాలలో రైల్వే వాళ్లు నాయన క్వార్టర్‌ను ఎప్పుడో వేరే వాళ్లకు ఇచ్చేశారు.

పొద్దున ఎండ ముదరక ముందు గ్రౌండులో నేను బంతి కొట్టేదాన్ని, ఆ పిల్ల ఆపేది. గోల్‌కీపర్ కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు మా బడికి లేవు. వనపర్తిలో ఆటో సీట్లు కుట్టే ఆయన దగ్గర పాత స్పాంజీ, రెగ్జిన్ తీసుకొని కుట్టించాను. కట్టుకుంటే మోకాలి పైదాకా వచ్చేవి. నడుస్తుంటే బాతులా ఊగేది. మిగతా పిల్లలెవరూ గోల్‌లో నిలబడటానికి ఒప్పుకునేవాళ్లు కాదు. ఈమె మాత్రం అడిగి మరీ నిలబడింది.

"ఎందుకు నీకు గోలు?" అని అడిగితే, "గాడ నిలవడితె అందరు నా దిక్కే ఉరికొస్తరు మేడం" అన్నది.

మధ్యాహ్నాలు వేడికి బయటికి పోయేందుకు లేదు. వరండాలో కూర్చొని ఆమెకు నాయన ఆట నేర్పాను. కాగితం మీద పదకొండు పేర్లు. మొదట్లో ఆమెకు ఎవరి పేర్లూ తెలియవు. పాత పేపర్లు తెచ్చి చదివించాను. రెండేళ్లకే నాతో సమానంగా రాసేది. మూడో ఏట నాకు తొమ్మిది కలిస్తే ఆమెకు పది కలిశాయి. కాగితం ఎత్తి పట్టుకొని వరండా అంతా ఉరికింది.

తొమ్మిదో తరగతిలో స్పోర్ట్స్ అకాడమీకి ఎంపికై వెళ్లిపోయింది. అక్కడి నుంచి రాష్ట్ర జట్టుకు, జూనియర్ క్యాంపుకు. ఎక్కడున్నా ఆదివారం పొద్దున ఫోన్ చేసేది. ఏం తిన్నది, ఎవరు తిట్టారు, ఏ మోకాలు నొస్తుంది. పది నిమిషాలే. నాకు తెలకపల్లికి బదిలీ అయి నాగర్‌కర్నూల్‌కు ఇల్లు మార్చాక, వారం మొత్తంలో బడి సంగతి కాకుండా నేను మాట్లాడే మాటలు దాదాపు అవే. ఆదివారం పూట ఫోన్ ఛార్జింగ్ నిండుగా పెట్టి, టీ పెట్టుకొని కూర్చునేదాన్ని.

ఆడవాళ్ల లీగుకు వేలం జరిగిన రోజు నేను స్టాఫ్ రూములో అన్నం ముందు పెట్టుకొని ఫోన్ చూస్తున్నాను. మొదటి విడతలో ఆమె పేరు వచ్చింది. ఏ జట్టూ చెయ్యి ఎత్తలేదు. పక్కన కూర్చున్న లెక్కల సార్ తొంగి చూసి, "గదేంది మేడం, మనుషులను గూడ ఏలం పాడ్తరా?" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. సాయంత్రం, మిగిలిపోయిన వాళ్ల పేర్లు మళ్లీ పిలిచినప్పుడు ఒక జట్టు తీసుకుంది. నేను అప్పుడు బస్సులో ఉన్నాను. ఆమే ఫోన్ చేసింది. ఏడుపు, వెనక ఎవరో పిల్లల కేకలు. ఒక్క మాటా సరిగా వినపడలేదు. "మేడం, తీసుకున్నరు. మేడం, తీసుకున్నరు." బస్సులో నా పక్కన కూర్చున్న ముసలామె నా మొహం చూసి, "దవాఖాన కబురా బిడ్డా?" అని అడిగింది. కాదు, మంచి కబురే అని చెప్పాను.

పెద్దమందడిలో ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో హెల్మెట్ చంకలో పెట్టుకొని ఆ పిల్ల, చుట్టూ ఊరి పెద్దల ఫోటోలు, కింద మూలన "మొదటి గురువు" అని నా ఫోటో. పంచాయతీ ఆఫీసులో శాలువా కప్పారు. ఆమె క్యాంపులో ఉంది కాబట్టి తల్లికి కప్పారు, తరవాత నాకు. తల్లి ఆ శాలువా ఎట్లా పట్టుకోవాలో తెలియక, మడిచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. "ఇగ టీవీల వస్తదంట గదా మేడం," అన్నది. వస్తుందన్నాను.

ఇక ఆ ఆదివారం సంగతి.

జట్టు మొత్తం జాబితా వచ్చింది. ఇరవై మందికి పైగా ఉన్న పేర్లలోంచి మొదటి మ్యాచ్‌లో ఆడే పదకొండు మందిని తీయాలి. నోటు పుస్తకం తెరిచి, ఎప్పటిలాగే పైన గోల్‌కీపర్ చోటుతో మొదలుపెట్టాను. ఇద్దరే గోల్‌కీపర్లు. ఒకామె నెదర్లాండ్స్ నుంచి వచ్చింది, పదేళ్లుగా పెద్ద పెద్ద పోటీలు ఆడిన మనిషి. రెండో పేరు మా పిల్లది.

ఆ చోటు ఖాళీ వదిలి మిగతావి రాశాను. వెనక ముగ్గురు, అందులో పెనాల్టీ కార్నర్ కొట్టే ఆమె తప్పక ఉంటుంది. మధ్యలో ముగ్గురు తేలికగానే తేలారు. రైట్ హాఫ్‌లో కొంచెం తికమక. ఫార్వర్డ్‌లో ఇద్దరు జార్ఖండ్ పిల్లలు, ఒక అర్జెంటీనా ఆమె. పది పేర్లు పూర్తయ్యాయి. పై గీత ఖాళీగా ఉంది.

లేచి బియ్యం కడిగాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను. కోచ్ ఎవరు? బయటి దేశం ఆయన, కొత్త జట్టు, మొదటి సీజన్. గెలవాలని ఉంటుంది. అంత అనుభవం ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టి ఇరవై ఏళ్లు నిండని పిల్లను గోల్‌లో పెడతాడా? పెట్టడు. నేనైనా పెట్టను. పై గీత మీద నెదర్లాండ్స్ ఆమె పేరు రాశాను. సరిగ్గా చూశాననే అనుకున్నాను.

మా వ్యాయామ టీచర్లకు ఒక ఫోన్ గ్రూపు ఉంది. ఎక్కువ మంది కబడ్డీ, వాలీబాల్ వాళ్లు. హాకీ పిచ్చి ఉన్నది నలుగురికే. అందులో ఒకాయన మన్ననూర్‌లో అడవి పక్కన ఆశ్రమ పాఠశాలలో పని చేస్తాడు. అక్కడ సిగ్నల్ అందదు. అచ్చంపేటకు దిగి వచ్చినప్పుడే ఆయన జవాబులు వస్తాయి, అప్పటికి మాట పాతబడి ఉంటుంది. నా పదకొండు మందినీ ఆ గ్రూపులో పెట్టాను. కింద ఒక వాక్యం కూడా రాశాను: "రెండో గోల్‌కీపర్ మా పిల్లే. ఈ సీజన్ ఆమెకు బెంచీ మీద కూర్చొని నేర్చుకునే సీజన్."

వనపర్తి వాలీబాల్ మేడం దాన్ని మా పాత విద్యార్థినుల గ్రూపులోకి పంపింది. చెడు ఉద్దేశం ఏమీ లేదు, మన పిల్ల గురించి కదా అని పంపింది. అక్కడి నుంచి ఊరికి చేరింది.

ఆ తరవాతి ఆదివారం ఫోన్ రాలేదు. ప్రాక్టీసు ఉందేమో అనుకున్నాను. దాని మరుసటి ఆదివారమూ రాలేదు. నేనే చేశాను, మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రం ఒక మెసేజ్ వచ్చింది: "క్యాంపుల ఫోన్లు ఇయ్యరు మేడం." ఫోన్లు ఇవ్వకపోతే ఈ మెసేజ్ ఎట్లా పంపిందని నేను అడగలేదు.

మంగళవారమో బుధవారమో, మూడో పీరియడ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలను గ్రౌండులో వరుసగా నిలబెడుతుంటే గేటు దగ్గర ఆ పిల్ల తల్లి కనపడింది. పెద్దమందడి నుంచి మూడు బస్సులు మారి వచ్చింది. చేతిలో బరువైన సంచి. పిల్లలను ఆడుకోమని వదిలేసి ఆమె దగ్గరికి వెళ్లాను. జెండా గద్దె మీద కూర్చుందామంటే కూర్చోలేదు.

"మేడం, మా పిల్లను తీసేసినవంట గదా," అన్నది.

నాకు అర్థం కాలేదు. "యాడికెల్లి తీసేసిన అమ్మా?"

"టీంలకెల్లి. ఊర్ల పోరగాళ్లు ఫోన్ల సూపిచ్చిన్రు. పదకొండు మందిని నువ్వే రాసినవంట. మా పిల్ల పేరు లేదంట."

నవ్వు వచ్చినంత పనైంది. ఆమె మొహం చూసి ఆగిపోయాను. "అయ్యో, అది నేను ఎంచిన టీం గాదమ్మా. ఎవరు ఆడ్తరో ఊరికె అందాజా రాసిన. గాళ్లకు నేనెవరో గూడ తెల్వదు. ఎవరిని ఆడిపియ్యాల్నో గాళ్ల ఇష్టం."

"అందాజనా?"

"అవునమ్మా. ఉత్త అందాజనే."

ఆమె సంచి చెయ్యి మార్చుకుంది. "ఉత్త అందాజనే అయితె, మా పిల్ల పేరు రాస్తె ఏమయితుండె మేడం?"

అందులో ఒక పద్ధతి ఉందని, ఇష్టాన్ని పక్కన పెట్టి చూడాలని, అట్లా చూస్తేనే నిజమవుతుందని ఆ ఎండలో నిలబడి ఆమెకు చెప్పబోయాను. నా మాటలు నాకే ఎట్లాగో వినపడ్డాయి.

"వానొస్తదని అందాజా జేస్తనే ఇత్తనాలేస్తం," అన్నది ఆమె. "రాదని అందాజా జేసి ఇంట్ల కూసుంటె ఎట్ల? ఊర్ల ఏమంటున్రు తెల్సునా? మేడమే రాయలేదంటె దాంట్ల దమ్ము లేనట్టే అంటున్రు. గోల్‌ల నిలవెట్టింది నువ్వే. నీ మాట వట్టుకునే అది గంత దూరం వోయింది. జర మల్ల రాయి మేడం. నీకు దండం వెడ్త."

సంచి నా ముందుకు జరిపింది. నిండా పల్లికాయ. ఆఫీసరు దగ్గరికి పనిమీద పోయే వాళ్లు తెచ్చినట్టు తెచ్చింది. వద్దమ్మా అని నేను వెనక్కి జరిపాను. ఆమె మళ్లీ ముందుకు జరిపింది. పిల్లలు ఆట ఆపి మమ్మల్నే చూస్తున్నారు. చివరికి ఆమె సంచిని జెండా గద్దె మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సు కోసం వెళ్లిపోయింది. అన్నం తిని పొమ్మని నేను అన్నానో లేదో ఇప్పటికీ గుర్తు రాదు. అన్నాననే అనుకోవాలని ఉంటుంది.

మళ్లీ రాయలేదు. రాయాలంటే ఎంత పని? గ్రూపులో ఒక పేరు మార్చి పెట్టడమే. రెండు సార్లు ఫోన్ తీశాను. కానీ అట్లా మార్చి రాస్తే, అది జాలితో రాసిందని ఆ పిల్లకు వెంటనే తెలుస్తుంది. జట్టు ఎట్లా రాయాలో ఆమెకు నేర్పిందే నేను. ఆ మాట సాకో నిజమో తేల్చుకోలేక అట్లాగే ఉండిపోయాను.

సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్ సాయంత్రం నేను గది తలుపు వేసుకొని ఫోన్‌ను గ్లాసుకు ఆనించి కూర్చున్నాను. ఆడే వాళ్ల పేర్లు తెర మీదికి వచ్చాయి. గోల్‌లో నెదర్లాండ్స్ ఆమె. నేను రాసిన పదకొండులో పది కలిశాయి. రైట్ హాఫ్ ఒక్కటే తప్పింది. గ్రూపులో బొటనవేళ్లు, చప్పట్లు. "మేడం, మీరు సెలెక్టర్‌గ పోవాలె" అని ఒకరు. జీవితంలో మొదటిసారి నాకు నాయన అంకె వచ్చింది. ఫోన్ పక్కన పెట్టి, మ్యాచ్ జరుగుతుంటేనే గిన్నెలు తోమడానికి వెళ్లాను.

తరవాతి మ్యాచ్‌లన్నిటిలో నేను బంతి కోసం చూడలేదు. కెమెరా ఎప్పుడైనా బెంచీ వైపు తిరుగుతుందేమోనని చూసేదాన్ని. ఒకసారి రెండు క్షణాలు కనపడింది. ఒంటి మీద కిట్ మొత్తం, మెడలో తువ్వాలు, నీళ్ల సీసాలు అందిస్తోంది. ఇంకోసారి చెయ్యి మాత్రమే. ఆ చెయ్యి ఆమెదే అని నాకు తెలుసు, ఎడమ మణికట్టుకు ఎప్పుడూ రెండు చుట్లు టేపు వేసుకుంటుంది. ఆమెకు మెసేజ్ రాసి చెరిపేసేదాన్ని. "బాగున్నవా" అని రాస్తే, బెంచీ మీద బాగున్నావా అన్నట్టు ఉంటుంది. "అవకాశం వస్తది" అని రాస్తే, రాదని ముందే రాసిన దాన్ని నేనే కదా.

జట్టు వరుసగా ఓడింది. ఇంకా రెండు మ్యాచ్‌లు మిగిలి ఉండగా నాగర్‌కర్నూల్‌లో స్కూళ్ల ఆటల పోటీలు పెట్టారు. నాకు ఖోఖోకు రెఫరీ డ్యూటీ వేశారు. ఆ సాయంత్రం మ్యాచ్ ఉందని తెలుసు. సాయంత్రానికి నా పని అయిపోయింది, కావాలంటే చెట్టు కింద కూర్చొని ఫోన్‌లో చూడవచ్చు. చూడలేదు. ఆమె ఆడదని నాకు తెలుసు. మిగతా టీచర్లతో కలిసి మిర్చి బజ్జీలు తిని, పిల్లల గెలుపు పత్రాల మీద పేర్లు రాస్తూ కూర్చున్నాను.

రెండు రోజుల తరవాత మన్ననూర్ సార్ నుంచి మెసేజ్ వచ్చింది. "మీ పిల్ల మస్తు ఆడింది మేడం. మీరు ఒక్క మాట గూడ రాయలేదేంది?"

మూడుసార్లు చదివాను. గ్రూపులో పైకి వెళ్లి చూశాను. ఎవరూ ఏమీ అనలేదు, ఓడిపోయే జట్టు ఆటను ఎవరూ చూసినట్టు లేరు. ఆయన ఏదో పనిమీద ఆ రోజు అచ్చంపేటలో ఉండి, హోటల్ టీవీలో చూశాడట. చివరి పావు భాగంలో ఆమెను దింపారు. ఒక గోలు పోయింది. రెండు ఆపింది. రెండోది పెనాల్టీ కార్నర్, కింద పడి కుడి కాలితో ఆపింది. ఆ ముక్క వీడియో ఎక్కడో దొరికింది. పదకొండో పన్నెండో సెకండ్లు ఉంటుంది. అందులో ఆమె లేచి, హెల్మెట్ సర్దుకొని, ఎవరినో వెతుకుతున్నట్టు ఒకసారి పక్కకు చూస్తుంది. బహుశా తన డిఫెండర్లను చూసి ఉంటుంది. ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టలేదు.

అప్పుడు ఫోన్ చేయాల్సింది. రెండు రోజులు ఆలస్యంగా ఏమని చేయాలో తోచలేదు. తరవాత వారం అయింది, నెల అయింది.

ఎండకాలం మొదట్లో ఆమే వచ్చింది. రైల్వేలో క్రీడాకారుల కోటా కింద ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటోంది. బడిలో ఉన్నప్పటి పోటీల పత్రాలు కొన్నిటి మీద నా సంతకం కావాలి. నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగి ఫోన్ చేసింది. "ఇంట్ల ఉన్నరా మేడం?" అంతే.

ఎత్తు పెరిగింది. భుజాలు వెడల్పు అయ్యాయి. నా గది గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి టీ పెట్టాను. పత్రాలు ఒక్కొక్కటీ ముందు పెడుతుంటే సంతకాలు చేశాను. నాలుగు సంతకాలు. పని అయిపోయింది, ఇక మాట్లాడుకోవాలి.

"అమ్మ వచ్చింది మా బడికి," అన్నాను.

"తెల్సు మేడం. నేను అమ్మను తిట్టిన. ఎందుకు వోయినవ్ అని."

"నువ్వు నా మీద కోపానికొచ్చినవా?"

"కోపం గాదు మేడం." గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పింది. "నేను గూడ రాసుకున్న. క్యాంపుకు వోయిన రెండో రోజే. మీరు నేర్పిందే గదా. మీ పదకొండు, నా పదకొండు ఒక్కటే. రైట్ హాఫ్ గూడ. నా పేరు నేను గూడ రాసుకోలే."

"మరి ఏంది బిడ్డా?"

"మీరు రాస్తరనుకున్న."

వంటింట్లో స్టవ్ ఆపానా లేదా అని చూడటానికి లేచాను. ఆపే ఉంది. కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇన్నేళ్లుగా నేను సరిగ్గా చూడటం ఒక్కటే నేర్చుకున్నాను. ఆ పిల్లకు నా నుంచి కావాల్సింది సరైన జట్టు కాదు, అది ఆమె సొంతంగా రాసుకోగలదు. ఆ సంగతి నాకు తెలియకపోవడమే నా తప్పు. ఇది చెబితే బాగుండేది. బయటికి వచ్చి, "టీ సల్లగైతుంది, తాగు" అన్నాను.

తాగింది. తరవాత అడిగింది, "నేను ఆడిన మ్యాచ్ సూసిన్రా మేడం?"

అబద్ధం చెప్పడానికి కావాల్సినవన్నీ నా దగ్గర ఉన్నాయి. కుడి కాలితో ఆపిన సంగతి, హెల్మెట్ సర్దుకున్న సంగతి. "లేదు బిడ్డా," అన్నాను. "ఆ రోజు సూడలేదు. తర్వాత వీడియో సూసిన."

"నాకు తెల్సు," అన్నది. "సూస్తె అప్పుడే ఫోన్ జేస్తుంటిరి."

బస్టాండు దాకా నడిచి వెళ్లాం. వనపర్తి బస్సు కదిలేటట్టు ఉంది. ఎక్కేముందు వంగి నా కాళ్లు మొక్కింది, పరీక్షకు పోయేటప్పుడు మొక్కినట్టే. కిటికీ పక్కన సీటు దొరికిందో లేదో జనంలో కనపడలేదు.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. దూరంగా, మన భాష లేని ఊళ్లో. ఆఫీసు జట్టుకు ఆడుతుంది. అమ్మానాన్నలను అక్కడికి ఒకసారి తీసుకుపోయి చూపించిందట, వనపర్తి వాలీబాల్ మేడం చెప్పింది. పండగలకు నాకు ఫోన్ చేస్తుంది. మర్యాదగా మాట్లాడుతుంది. మీ బీపీ ఎట్లుంది మేడం, గోలీలు వేసుకుంటున్నరా అని అడుగుతుంది. జట్ల మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. ఆదివారాలు నేను బట్టలు ఉతుక్కుంటాను.

కొత్త సీజన్‌కు ఆ జట్టు ఆమెను ఉంచుకోలేదు. వేలంలో వేరే జట్టూ తీసుకోలేదు. పేరు పిలిచారు, ఎవరూ చెయ్యి ఎత్తలేదు, ఈసారి రెండోసారి పిలవలేదు. ఆ రోజు నేను ఫోన్ చేశాను, వెంటనే చేశాను. "ఏం కాదు మేడం, డ్యూటీల ఉన్న, మల్ల జేస్త" అన్నది.

మొన్న గ్రూపులో మన్ననూర్ సార్ అడిగాడు, ఈసారి జట్టు పెట్టలేదేం మేడం అని. రాయలేదని చెప్పాను. నిజానికి రాశాను. గోల్‌కీపర్లు ఇద్దరూ నాకు తెలియని వాళ్లు. పై గీతతో మొదలుపెట్టి కిందిదాకా ఆగకుండా రాసుకుంటూ పోయాను. పావుగంట కూడా పట్టలేదు.